నా ఒక్కడి మాట

బాబూ,

చించేయకుండా చివరిదాకా చదువు.

మొన్న ఆదివారం మన చర్చి సంఘమంతా దేవునికిచ్చిన మాటను మళ్ళీ కొత్తగా ఇచ్చే రోజు. బైబిల్లో ముసలి యెహోషువ ప్రజలను నిలబెట్టి, ఎవరిని కొలుస్తారో ఇవాళే తేల్చుకోమన్న భాగం చదవబోయి ఆగిపోయాను. పుస్తకం మూసి, వాళ్ళ పాస్టరుగా సంఘానికి నిజం చెప్పేశాను.

"మీరు అమ్మగారని పిలిచే నా భార్య పోయిన ఈ నాలుగు నెలల్లో నేను ఒక్కరోజూ మనసారా ప్రార్థించలేదు. మిమ్మల్ని మాట అడిగే అర్హత నాకు లేదు."

కుట్టుపని చేసే అవ్వ లేచింది. "అయితే ఇవాళ మేమే అడుగుతాం అయ్యగారూ, మీరు చెప్పండి. ఏడుస్తూ చెప్పినా పర్లేదు" అంది.

చెప్పాను. కానీ తానూ తన ఇంటివాళ్ళూ ఆయన్నే సేవిస్తామని యెహోషువ అన్న చోట నువ్వు గుర్తొచ్చావు. నాకు ఇంటివాడంటూ మిగిలింది నువ్వొక్కడివే. నువ్వేమో సమాధి దగ్గరే, "ఇక ఆ దేవుడి పేరు నా దగ్గర ఎత్తొద్దు నాన్నా" అని వెళ్ళిపోయావు. నీ తరఫున నేనెలా మాటిస్తాను? 'నేను సేవిస్తాను' అని మాత్రమే చెప్పి కూర్చున్నాను.

మీ అమ్మ మంచం పక్కన మనిద్దరం కూర్చున్న కుర్చీలు ఇంకా తీయలేదు. ప్రార్థన చేయమని అడగను. ఒక్కసారి వచ్చి కూర్చో.

నాన్న