చెరువుకు రంగేసింది నేను కాదు

ఆగస్టు 11, గురువారం

పొద్దున్నే చూస్తే చెరువు ఆకుపచ్చగా ఉంది. అప్పుడే మూత తీసిన పెయింట్ డబ్బాలాగా. హోటల్ దగ్గర అందరూ ఇదేందిరా, గిట్లయ్యిందేందిరా అని ఒకటే గోల. నూలుకు రంగులద్దేవాణ్ని, నా నోరు ఊరుకుంటుందా? సేటు ఆకుపచ్చ చీరలు అడిగిండు, డ్రమ్ము సరిపోక రాత్రి రంగంత చెరువులనే కలిపిన అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. బాలయ్య కాక ఒక్కడే నవ్వలేదు. ఆయనకు జోకు లేటుగా ఎక్కుతుందిలే అనుకున్నాను.

ఆగస్టు 13

ఎక్కలేదు. కాక బర్రె ఆ నీళ్లు తాగి పడిపోయింది. విషం కలిపింది నేనేనట.

ఆగస్టు 14

పంచాయతీ పెట్టారు. గురువారం మా రంగుల షెడ్డుకు తాళమట. మా వాడలో నూలుకు రంగు అద్దేది నేనే. షెడ్డు మూస్తే మగ్గాలన్నీ ఆగినట్టే. మా రంగు నీళ్లు ఇంకుడు గుంతలోకే పోతాయి, నేనన్నది ఉత్త జోకు అని మొత్తుకున్నాను. నువ్వే జేసిన్నంటివి గదనే నర్హరీ, గిప్పుడు కాదంటె ఎట్ల నమ్మాలె అన్నాడు సర్పంచ్. ఇంటికొస్తే మా ఆవిడ ఉప్పలమ్మ, నీ నోటికేస్తె అయిపాయె గద తాళం, షెడ్డుకెందుకు అంది. అన్నం పెట్టింది, పప్పు మరిచింది. మరవలేదు, నాకు తెలుసు.

ఆగస్టు 18, సాయంత్రం

తాళం పట్టుకుని ఊరంతా చెరువు పక్కనే ఉన్న మా షెడ్డుకు వచ్చింది. బాలయ్య కాక భుజం మీద మల్లెపువ్వులాంటి కండువా. చటుక్కున లాగి చెరువులో ముంచాను. ఒరే నీ చేతులిరగ అని కాక ఒకటే కేకలు. బోరు కింద జాడిస్తే మళ్లీ తెల్లగా వచ్చింది. అప్పుడు దాని మూల నా నీలం రంగు డ్రమ్ములో ముంచాను. ఇగ ఉతుకు కాకా, నా రంగయితె గిట్ల పోదు అన్నాను. ముగ్గురు ఉతికారు. ఆ నీలం ఇక ఆయన మనవరాలి పెళ్లి దాకా పోదు.

కాక బర్రెను చూడడానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ మంజులత అక్కడే ఉంది. ఇది రంగు కాదు, ఆల్గే, నాచులాంటిది అంది. పొలాల్లో యూరియా, డీఏపీ, కోళ్ల ఎరువు వానకు కొట్టుకొచ్చి చెరువులో పడితే అది తిని బలుస్తుందట. మనుషులు కూడా దిగొద్దంది. నా చేతులు అప్పటికే దురద.

పక్కోడి వరి మన వరికంటే పచ్చగా కనిపిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు మనవాళ్లకు. తెల్లారేసరికి ఇంకో బస్తా చల్లాల్సిందే. రైతులంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాళం సర్పంచ్ జేబులోకి పోయింది.

రాత్రి పప్పు ఉంది. నెయ్యి కూడా.

ఆగస్టు 21

బర్రె లేచింది. బాలయ్య కాక యూరియా సగమే చల్లుతాడట, పక్క మడి వెంకన్న తగ్గిస్తే. వెంకన్ననూ అడిగాను. కాక తగ్గిస్తేనట.

సెప్టెంబరు 9

రెండు రోజుల వాన. చెరువు నిండి అలుగు దుంకింది. పొద్దున కట్ట మీద నుంచి వంగి చూస్తే తేట నీళ్లలో నా మొహం కనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇదీ నేనే చేశానంటారు.