అత్తయ్యను చీరాల తీసుకెళ్ళే ముందు

ఏమండీ,

నాకు పరీక్ష డ్యూటీ ఉంది, బస్సుకి వెళ్తున్నాను. కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పించగానే ఇంటికి వచ్చేయండి. అత్తయ్య మధ్యాహ్నం రెండింటికల్లా చీరాల కంటి ఆసుపత్రిలో ఉండాలి. ఇంకా ఆలస్యమైతే ఆ కన్ను దక్కదన్నారు డాక్టరుగారు. ఆటో మాట్లాడతానంటే, "మన అంబాసిడర్ ఉండగా ఆటో ఎందుకు?" అన్నది మీరే.

చోక్ ఒక్కసారి లాగి తాళం తిప్పండి. ఇంజన్ అందుకోగానే చోక్ లోపలికి నెట్టెయ్యండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే మాత్రం ఇంజన్లోకి ఎక్కువ పెట్రోల్ దిగినట్టే. అప్పుడు ఊరికే తిప్పకండి, బ్యాటరీ దిగిపోతుంది. బానెట్ ఎత్తి కాసేపు వదిలెయ్యండి. తర్వాత చోక్ జోలికి పోకుండా, యాక్సిలరేటర్ ఒక్కసారే అడుగుదాకా తొక్కిపెట్టి తిప్పండి. వదిలి వదిలి తొక్కితే తొక్కినప్పుడల్లా ఇంకాస్త పెట్రోల్ దిగుతుంది.

మొన్న ఆదివారం చర్చి ముందు పట్టుచీరలో నేనూ, పాస్టరమ్మగారూ మీరు కొత్తగా కొన్న ఆ పాత కారుని తోశాం. మీరేమో లోపల కూర్చుని "ఇంకాస్త గట్టిగా" అన్నారు. నేను మర్చిపోలేదు.

అత్తయ్య కంట్లో చుక్కలు వేశాను. భయపడుతున్నారు, పైకి చెప్పరు.

జయ

ఇంకో మాట. కారు కొన్నప్పటి నుంచి స్టీరింగ్ పట్టుకుని ప్రార్థన చేశాకే బయల్దేరుతున్నారు కదా. ఆదివారం నేను కళ్ళు తెరిచి చూశాను. ఆమెన్ అనేదాకా మీ కాలు కంగారుగా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంది. ఇవాళ ప్రార్థన వరండాలోనే, అత్తయ్య చెయ్యి పట్టుకుని చేసుకుని కారెక్కండి.