చివరి పెట్టె

ప్రియమైన శ్రీవారికి,

ఒళ్ళు మండిపోతోంది నాకు! నిన్న నర్సు లైసెన్సు పరీక్ష పోయింది. ఫెయిలవలేదు, అసలు హాలుకే చేరలేదు. "రైల్లో ఎప్పుడూ చివరి పెట్టే ఎక్కు, గార్డు పక్కన ఉంటాడు, ఆడవాళ్ళకి భద్రం" అని చెప్పి పంపారు కదా, బుద్ధిగా అదే ఎక్కాను. దారిలో ఒక స్టేషన్లో మైకులో గడగడా ఏదో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా బ్యాగులు తీసుకుని ముందుకు వెళ్ళిపోయారు. హమ్మయ్య, రద్దీ తగ్గిందని కాళ్ళు చాపుకుని నోట్సు తిరగేస్తూ కూర్చున్నాను. ఈ దేశంలో రైలుని మధ్యలో రెండు ముక్కలు చేస్తారట! ముందు సగం పరీక్ష ఊరికి, వెనక సగం పొలాల్లోకి. నేను ఆవుల మధ్య దిగాను.

దిగేముందు టీసీ వచ్చాడు. ఈ దారికి ఆ టికెట్ చెల్లదని జరిమానా రాసి, తలుపు మీద అంటించిన కాగితం వేలితో చూపించాడు. ఆ భాషే వస్తే అక్కడెందుకు కూర్చుంటాను? లేచి వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా నా భుజం తట్టారా?

మళ్ళీ పరీక్ష మూడు నెలలకి. అదీ తప్పితే ఆసుపత్రివాళ్ళు నన్ను వెనక్కి పంపేస్తారు. మీరూ పాపా ఇక్కడికి రావడం ఇక కలే.

కోపంతో ఊగిపోతున్న
మీ ఆవిడ

ప్రియమైన నర్సమ్మకి,

బాధగానే ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళుగా టీసీ పని చేస్తున్నవాణ్ణి, అనకుండా ఉండలేను. మైకులో చెప్పారు, తలుపు మీద రాశారు. ఇంకేం చెయ్యాలి? ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలా? మన జంక్షన్లోనూ పెట్టెలు విడదీస్తాం. ఆ టీసీ తన పని తను చేశాడు.

"అమ్మ తప్పిపోయిందా?" అని పాప అడిగింది. లేదన్నాను.

నీ టీసీ

టీసీ గారికి,

"ప్రియమైన" లేదని గమనించారా? ఓహో, మీ పెట్టెలూ విడిపోతాయా! మరి నన్ను చివరి పెట్టె ఎక్కమన్నప్పుడు ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదేం?

నా వార్డులోనూ మందుల పేర్లు చీటీ మీద రాసే ఉంటాయి. చదువుకుని మింగండి అని నేను వెళ్ళిపోతున్నానా? మాట అర్థంకాని ముసలాయనకి సైగలు చేసి మరీ మింగిస్తున్నాను.

ఒక్కటి చెప్పండి. దారి తెలియని మనిషి మీ రైల్లో తప్పు పెట్టెలో కూర్చుంటే మీరేం చేస్తారు? జవాబు వచ్చేదాకా నేను ఉత్తరం రాయను.

ఇట్లు,
ఆవుల మధ్య దిగిన మనిషి

ప్రియమైన నీకు,

ఐదు వారాలైంది. జవాబు మొదటి రోజే తెలుసు, రాయడానికే చెయ్యి రాలేదు.

పాప పుట్టిన ఏడు, మన భాష రాని ఒకావిడ మూటతో తప్పు పెట్టెలో కూర్చుంది. జంక్షన్ రాకముందే టికెట్ చూశాను. విషయం తెలిసిపోయింది. అయినా చెప్పలేదు. జంక్షన్ దాటాక జరిమానా రాసి దింపేశాను. ఆవిడ ఏడుస్తూ ఏదో అంది. ఇంటికొచ్చి ఆ ఏడుపు అనుకరించి చూపిస్తే, పాపని ఒళ్ళో వేసుకుని నువ్వూ పడీ పడీ నవ్వావు.

నామీద నాకే అసహ్యమేసింది. ఇప్పుడు జంక్షన్ ముందు ప్రతి పెట్టెలోకీ వెళ్ళి గొంతు చించుకుని చెప్తున్నాను. "కూరలమ్ముతున్నావా?" అంటున్నారు తోటివాళ్ళు. అననీ.

తల దించుకున్న
నీవాడు

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం పరీక్ష ముందురోజు చేరింది. నవ్వాను, నిజమే. సిగ్గుతో ఆ రోజు ఒక్క పేజీ చదవలేకపోయాను.

మర్నాడు ముందు పెట్టె ఎక్కాను. విడదీసే స్టేషన్లో మనసాగలేదు. దిగి వెనక పెట్టెల వెంట పరుగెత్తుతూ, వచ్చీరాని భాష సమయానికి నోటికి రాక, తెలుగులోనే అరిచాను: "ముందుకి రండమ్మా, ఇది అటు పోదు!" కాగితం ముక్క పట్టుకున్న ఒక ముసలావిడ కంగారుగా చూసింది. దానిమీద నేను వెళ్ళే ఊరి పేరే ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మేం ఎక్కగానే తలుపులు మూసుకున్నాయి. కాస్త ఆలస్యమైతే నా పరీక్షా మీ ప్రయాణమూ గంగలో కలిసేవి. తిడతారని తెలుసు, తిట్టండి.

లైసెన్సు వచ్చింది. పాపకి పాస్‌పోర్టు ఫోటో తీయించండి. ఈ రైళ్ళమీద నా కోపం ఇంకా చల్లారలేదు గానీ, మీరొచ్చే రోజు స్టేషన్లో నేనుంటాను. మీరు ఏ పెట్టె ఎక్కినా సరే, వచ్చి చెయ్యి పట్టుకుంటాను.

మీ
నర్సమ్మ