స్టెప్నీకి కట్టిన మగ్గం తాడు

అవ్వకు ప్రమోద్ దండాలు. నేను క్షేమం. ఫోనులో నీకు వినబడదని కార్డు రాస్తున్నా, చెల్లి శ్రీలత గట్టిగా చదివి వినిపిస్తుంది.

నిన్న పానగల్ దగ్గర మన పికప్ కింద స్టెప్నీని మోసే ఇనుప క్యారియర్ తుప్పు పట్టి విరిగింది. వెనకే బైకు మీద చంటిపిల్లతో ఒక జంట వస్తున్నారు. నువ్వు కట్టిన మగ్గం తాడు ఆపింది కాబట్టి టైరు రోడ్డు మీద పడలేదు.

మెకానిక్ చోటే మియా కొత్త ఇనుము వేసి వెల్డింగ్ చేశాడు. నీ ముడి ఎవరికీ విప్పరాక తాడు కోయాల్సి వచ్చింది, కోపం చేయకు. "నా వెల్డింగ్ పక్కా. అయినా గా తాడు లేకుంట పోకు బేటా" అన్నాడు.

మోకాలికి నూనె రాస్తున్నావా? ఆదివారం వస్తా. తాళ్లు రెండు తీసిపెట్టు. రెండోది చోటే మియా బండికట.

నీ మనుమడు,
ప్రమోద్