మూడు సూతుల రంధ్రం

విమాన తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మొయినాబాద్ మండలం సురంగల్ నివాసి మల్లప్ప కూతురు సమత సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎంకపల్లి షెడ్డులో శ్రీ సీతారామారావు గారు కిట్ తెప్పించి సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం వచ్చే ఆదివారం ఎగరకుండా ఆపుట గురించి.

పై విషయమై తమకు తెలియజేసుకొనునది ఏమనగా, ఆ విమానం తోక పని చేసింది నేను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని, మెకానికల్ డిప్లొమా పాసయ్యాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నుంచి రిటైరైన సీతారామారావు గారు ఏడాదిన్నర కిందట నన్ను పనిలో పెట్టుకున్నారు. షెడ్డుకు ఎవరొచ్చినా "మా ఇంజనీరు" అని నన్ను చూపిస్తారు.

1. విమానం ముక్కును లేపే, దించే పలక తోకలో ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేవి ఎడమ, కుడి రెండు బ్రాకెట్లు. వాటికి సన్నని గుర్తు రంధ్రాలే ఉంటాయి, బోల్టుకు తగినంత మనం పెద్దవి చేసుకోవాలి. నక్షాలో "3 నంబరు బోల్టు" అని ఉంది. బోల్టుల పార్సిల్ అప్పటికింకా రాలేదు. మా బాపు ట్రాక్టర్ మెకానిక్. మా కొట్టులో మూడంటే మూడు సూతులు, సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నేను అట్లాగే లెక్కపెట్టి, బాపుకు చెప్పకుండా ఆయన డ్రిల్ బిట్టు తెచ్చి, ఎడమ బ్రాకెట్‌కు రంధ్రం చేశాను. విమానం బోల్టులకు నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క అని నాకు తెలియదు. తెలియదని అడగాలంటే నామోషీ అనిపించింది.

2. పార్సిల్ వచ్చాక చూస్తే అసలు బోల్టు ఆ రంధ్రంలో గజ్జెలా ఆడింది. కుడివైపు సరిగ్గా చేశాను. ఎడమవైపుకు మొయినాబాద్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం నుంచి మూడు సూతుల బోల్టు కొని, దాని మీది గుర్తు గరుకు కాగితంతో రుద్ది, వెండి రంగు పూసి బిగించాను. రికార్డు పుస్తకంలో "నక్షా ప్రకారం బిగించడమైనది" అని సంతకం చేశాను. రంధ్రం పక్కన మిగిలిన లోహం ఎంత సన్నగా ఉందో ఆ పుస్తకంలో లేదు.

3. తమరు తనిఖీకి వచ్చినప్పుడు తోక మూత లోపలి రెండు బ్రాకెట్ల ఫొటోలు అడిగారు. నేను కుడి బ్రాకెట్ ఫొటోనే రెండుసార్లు చూపించాను. "పని నీట్‌గా ఉందమ్మా" అన్నారు. అందులో తమ తప్పేమీ లేదు.

4. ఇది రాయడానికి చేయి రావడం లేదు. సీతారామారావు గారు ఒకరోజు బల్ల మీద ఆ పెద్ద బిట్టు చూసి, "ఇదెవరిదమ్మా? మనది కాదే" అన్నారు.

"మా బాపుది సార్. మొన్న రెక్క లేపనీకి వచ్చినప్పుడు మర్చిపోయినట్టుండు" అన్నాను.

సాయంత్రం నన్ను తీసుకుపోవడానికి బాపు వచ్చారు. సార్ మెల్లగానే అన్నారు: "మల్లప్పా, ఏమీ అనుకోకు. ఇది ట్రాక్టరు కాదు కదా. నీ సామాను షెడ్డులోకి తేవద్దు."

బాపు తువ్వాల భుజం మీంచి తీసి, "తప్పైంది సార్" అన్నారు.

బండి మీద వస్తుంటే, "బిడ్డా, ఆ బిట్టు నేనెప్పుడు తెచ్చిన్నో యాదికొస్తలేదు. ముసలోన్నైన గదా, మతి పోతున్నది. జర నా సామాన్లు నువ్వే చూస్తుండు" అన్నారు. నేను సరే అన్నాను. అప్పటి నుంచి ఆయన గేటు దాటి లోపలికి రావడం లేదు. ఇంట్లో తన రెంచీలు, పానాలు కూడా నన్ను లెక్కపెట్టమంటున్నారు.

5. యజమానికి ఎందుకు చెప్పలేదని తమరు అడుగుతారు. చెబుదామని మూడుసార్లు వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చాను. మూడోసారి ఆయనే, "నువ్వు బిగించిన తోక, నాకు భయమేంటమ్మా" అని నవ్వారు. ఆదివారం అందులో ఆయన ఒక్కరే ఎక్కుతారు.

కావున తాము దయతలచి వెంటనే అనుమతి నిలుపుదల చేయగలరు. ఎడమ బ్రాకెట్ తీయించి కొత్తది వేయించగలరు. నా సంతకం ఉన్న ప్రతి పేజీని మళ్ళీ తనిఖీ చేయించగలరు. మల్లప్ప ఆ విమానానికి ఒక్క స్క్రూ కూడా బిగించలేదని రికార్డులో రాయించగలరు. నాకు వేయవలసిన శిక్ష వేయండి, అడ్డు చెప్పను. ఆదివారం రాకముందే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
సమత

తా.క.: టపాలో వేస్తే ఆదివారం దాటిపోతుందని నేనే తెచ్చాను సార్, ఈ నాలుగు ముక్కలు మీ ఆఫీసు గేటు దగ్గర రాస్తున్నాను. బాపు కూడా వచ్చారు. ఇది ఉద్యోగం దరఖాస్తు అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆయనకు చదువు రాదు. నిజం చెబుదామని దారిలో చిల్కూరు దగ్గర బండి ఆపించాను, నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాను. దయచేసి ఆయనను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, నాలుగో అంశం మీరు పైకి చదవండి. నేను అక్కడే నిలబడతాను.