వేరే చిప్ప

కండవు దీవి,
ఆదివారం.

చిరంజీవి లైసానీని నాన్న దీవించి రాయునది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పందులు నాకంటే బాగున్నాయి. సువా పట్నంలో నువ్వూ మీ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం పడవలో వచ్చింది. నాలుగుసార్లు చదివాను. ఇంట్లో మనిషి గొంతు వినపడి చాలా రోజులైంది కదా, ఒకసారి పైకే చదువుకున్నాను.

ముందు నీ ప్రశ్నలు. సముద్రంలో మునిగితే మోచేతి మడతలు మండే మాట నిజమే. రాగానే మంచినీళ్ళు పోసుకుని, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే ఆయింట్‌మెంటు రాసుకో. క్రీము మాత్రం ఎర్రబడిన చోటే, నర్సు చెప్పినన్ని రోజులే. భయపడి గోరంత రాస్తే దురద కొండంతవుతుంది. బడి ప్రార్థనలో పక్కపిల్ల నీ చెయ్యి పట్టుకోనంటోందని రాశావు. దానికి నా దగ్గర మందు లేదు తల్లీ.

ఇక చివరి ప్రశ్న, ఈ చర్మం నీకెక్కడినుంచి వచ్చిందని. నీ తల్లి కడుపుతో ఉన్న సంగతి దాచిపెట్టడం వల్లే వచ్చిందని నానమ్మ అంటోందనీ, అమ్మనడిగితే కుట్టుమిషను మీదనుంచి తలెత్తలేదనీ రాశావు.

నా చేతులు చిన్నప్పటినుంచీ ఇంతే. యంగోనా వేరు దంచి కలిపిన మత్తునీళ్ళు మితిమీరి తాగినవాళ్ళకీ ఇలాగే పొలుసులు లేస్తాయి. పెళ్ళికి ముందు ఓ సాయంత్రం మా సకియుసా బావ నా చేతులు చూసి, "ఏం బావా, బల్లిలా పొలుసులు లేస్తున్నావు? గిన్నెడూ నువ్వే లాగిస్తున్నావేమిట్రా?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. తాగుబోతంటే నవ్వి వదిలేస్తారు. రోగమంటే వేరే చిప్ప పెడతారు. అందరం ఒకే కొబ్బరిచిప్పతో తాగుతాం కదా, అది నన్ను దాటిపోతుందని భయం. అందుకే పద్దెనిమిదేళ్ళుగా ఆ పేరు మోశాను.

నీ మూడో నెలలో బుగ్గలు పగిలి రసి కారాయి. మా అమ్మ మీ అమ్మను నిలదీసింది. "కడుపు దాస్తే ఇంటికి కీడని నీకు తెలియదూ? ఇప్పుడు చూడు పసిదాని మొహం!"

మీ అమ్మ నావైపు చూసింది. నేను చొక్కా చేతులు మణికట్టుదాకా లాక్కుని, పందులకు మేత వెయ్యాలని లేచిపోయాను.

ఆ వారమే నర్సు నన్ను పక్కకు పిలిచింది. "ఇది గజ్జి కాదు, అంటదు. మీ నుంచి వచ్చినట్టుంది. ఎవరి తప్పూ లేదు. ఇంట్లో చెప్పండి" అంది. నేను చెప్పలేదు. మీ అమ్మ నిన్నెత్తుకుని వైద్యం కోసమని పడవెక్కింది. తిరిగి రాలేదు. రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు.

మొన్న శుక్రవారం చొక్కా చేతులు పైకి మడిచి యంగోనా తాగేవాళ్ళమధ్య కూర్చున్నాను. మా అమ్మా ఉంది. "ఇది తాగుడు పొలుసు కాదు. పుట్టుకతో వచ్చింది. నా కూతురికి నా నుంచే వచ్చింది. నా భార్య కెలెరా ఏ పాపమూ చెయ్యలేదు" అన్నాను. మా అమ్మ చాప అంచు పీక్కుంటూ కూర్చుంది.

"అంటుకుంటుందా బావా?" అన్నాడు సకియుసా.

"అంటదు."

"మంచిదేలే" అన్నాడు గానీ, గిన్నెలో కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

నిన్న నా ముందు వేరే చిప్ప పెట్టారు. కొత్తది, నున్నగా గీకారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి అందుకుంటే అరచేతి పగుళ్ళు మండాయి. తాగుతుంటే మీ అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. నాకు పెట్టాల్సిన చిప్పతో తను పన్నెండేళ్ళు తాగింది.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. నర్సు మాట దగ్గర ఆపెయ్యమన్నా ఆపకు. తను సరేనంటే వస్తాను, పొట్టి చేతుల చొక్కా వేసుకుని. ప్రార్థనలో నీ పక్కన నిలబడి ఆ చెయ్యి నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీకీ చర్మం ఇచ్చిన నాన్న,
ఎమోరి