లాకుల దగ్గర మౌత్ ఆర్గాన్

లాకు క్వార్టర్సు,
అవనిగడ్డ దగ్గర.
18 జనవరి 1998

పూజ్యురాలైన దయామణి అత్తకు,

మేనకోడలు వినీల వందనాలతో రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగా ఉన్నాం, కరెంటు ఒక్కటే నీరసంగా ఉంది. మస్కట్‌లో నువ్వూ, నీ ఆసుపత్రీ క్షేమమనీ, నీ నడుంనొప్పి మాత్రం క్షేమంగా లేదనీ తలుస్తాను.

కిందటి వేసవిలో వచ్చినప్పుడు ఇచ్చిన వస్తువుల సంగతి రాయమన్నావు. టేప్‌రికార్డరు అలమారా మీద ఉంది. మౌత్ ఆర్గాన్ నా నోట్లో ఉంది. క్యాసెట్టు నా బుర్రలో ఉంది.

ఆ క్యాసెట్టు మీ హాస్టల్లో పక్కగది నర్సు ఉద్యోగం మానేసి వెళ్తూ ఇచ్చిందనీ, ఏదో జాజూ బ్లూసూ అట, నేనైతే ఒక్కసారీ వినలేదనీ అన్నావు. వినకపోవడం నీకే నష్టం. ఎవరో ఒకాయన, అట్ట మీద పేరు కూడా లేదు, పియానో, డ్రమ్ముల మధ్య మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు. పాటా లేదు, మాటా లేదు. ఎంత నెమ్మదిగా వాయిస్తాడంటే, వేసవిలో కాలవ కట్టేశాక అడుగున మిగిలిన నీళ్ళు కదిలినట్టు ఉంటుంది. ఒక స్వరం మీద కూర్చున్నాడంటే ఓ పట్టాన లేవడు. లేచినా వెనక్కి చూసుకుంటూ వెళ్తాడు. ఇంట్లో ఉన్న క్యాసెట్టు అదొక్కటే కాబట్టి మా ఇంట్లో సంగీతమంటే ఆయనే.

నేర్పేవాళ్ళు అవనిగడ్డలో లేరు, చల్లపల్లిలో లేరు. బందరులో మా కాలేజీ పక్కనున్న వాయిద్యాల షాపాయన, మౌత్ ఆర్గాన్ నేర్చుకునేదేంటమ్మా, ఊదితే అదే వస్తుంది అన్నాడు. సరే అని ఆ పేరులేని ఆయన్నే గురువుగా పెట్టుకున్నాను. చిక్కల్లా ఏమిటంటే, గురువుగారి స్వరాలు నా మౌత్ ఆర్గాన్‌లో లేవు. ఒక రంధ్రంలో ఊదితే కొంచెం ఎక్కువ, పక్క రంధ్రంలో ఊదితే మరీ తక్కువ. ఆయనవన్నీ ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటాయి. మొన్న క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, గాలి లోపలికి పీలుస్తూ నాలుక వెనక్కి లాగాను. స్వరం మెత్తబడి మెల్లగా కిందికి జారింది, షట్టరు కొంచెం లేపితే నీళ్ళు దిగినట్టు. అత్తా, నాకు డిగ్రీ సీటు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

అమ్మకి మాత్రం తలవంపులుగా ఉంది. దారినపోయేవాళ్ళు మనింట్లో ఎవరో పోయారనుకుంటున్నారే, ఇవాళ పక్క క్వార్టరు సూరయ్యగారు కంగారుగా లోపలికొచ్చి ముందు మంచం వంక చూశాడు అని సణిగింది.

మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు కదా. లాకుల మీద షట్టర్లు ఎత్తీ దించే లస్కరు ఉద్యోగం చేసీ చేసీ నీళ్ళనూ కూతుర్నీ ఒకటే లెక్కన చూస్తాడు. ఎంత వదలాలో ఆయనే చెప్పాలి, ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి. డిగ్రీ అవగానే బీయెడ్, ఆపైన టీచరు ఉద్యోగం అన్నాడు. బీయెడ్ చదవను, ఇది వాయించుకునే బతుకుతాను అన్నాను. నోటితో ఊదేది బతుకుతెరువు ఎలా అవుతుందమ్మా, పొయ్యి ఊదినా అన్నమన్నా ఉడుకుతుంది అన్నాడు. వాదించి వాదించి చివరికి ఒక గడువు పెట్టాడు. నువ్వెళ్ళి అడుక్కోవడం కాదు, మనకు చుట్టం కానివాళ్ళెవరైనా మన గుమ్మంలోకి వచ్చి, మీ అమ్మాయిని వాయించడానికి పంపండి అని అడగాలి. నీ చివరేడు ఈస్టరు ఆరాధనకు గంట కొట్టేలోపల అడిగారా, పంపిస్తాను. లేదా బీయెడ్. ఈ మాట పాస్టరుగారి ముందు అన్నాడు కాబట్టి ఇద్దరికీ తిరుగులేదు.

ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. మా కరెంటుకి టేప్‌రికార్డరు తిరగదు, సెల్లు వెయ్యాల్సిందే. పాట నచ్చకపోయినా ఆ సెల్లు ఆయనే వేస్తాడు. ఆ పని నన్ను గానీ అమ్మను గానీ చెయ్యనివ్వడు.

ఉంటాను,
నీ వినీల


గుడివాడ.
13 డిసెంబరు 1999

ప్రియమైన అత్తకు,

వందనాలు. ఈ ఉత్తరం చేరేలోపల క్రిస్మస్ వచ్చేస్తుందేమో, శుభాకాంక్షలు ముందే చెప్పేస్తున్నాను. నువ్వు పంపిన ఖర్జూరాలు అందాయి. సగం అందాయి అనాలి, మిగతా సగం మీ అన్నయ్యకు అందాయి.

గుడివాడలో ఏం చేస్తున్నావంటావా. శ్రీలేఖ అని నా క్లాసుమేటు, వాళ్ళింట్లో ఉన్నాను. వాళ్ళ వీధిలో కోటేశ్వరరావుగారని మైకుసెట్ల షాపు ఆయనకి ఒక ఆర్కెస్ట్రా ఉంది. పెళ్ళి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయిస్తారు. కిందటేడు వాళ్ళ ఫ్లూటు ఆయన మానేశాడని తెలిసి నేనే వెళ్ళి అడిగాను, పెట్టుకున్నారు. సెలవుల్లో పామర్రు, పెదపారుపూడి, ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడికి వ్యానులో పోతాం. వ్యానులో డ్రమ్ముల మధ్య నాకో చోటు. నాన్న మాత్రం దీన్ని పిలుపుగా ఒప్పుకోలేదు. నువ్వడిగితే ఇచ్చారు, వాళ్ళడిగితే అప్పుడు చూద్దాం అన్నాడు. న్యాయమే, ఒళ్ళు మండేంత న్యాయం.

అక్కడా నాకు మర్యాదేమీ లేదు. హుషారు పాటకి అందరూ పరుగెత్తుతుంటే నేను వెనక వస్తాను. ఆలస్యం కాదు అత్తా, తాళం తప్పను. దాని కొస పట్టుకుని నడుస్తాను, అంతే. గురువుగారు అలాగే నడుస్తారు కదా. డ్రమ్ములు వాయించే కళ్యాణ్‌కి నేనంటే మంట. అక్కగారు వచ్చేదాకా పెళ్ళికొడుకుని కూర్చోబెట్టండయ్యా అని మైకులో వినపడేలా అంటాడు. కోటేశ్వరరావుగారు మంచాయనే గానీ ఆయనా ఈమధ్య ఒక పెళ్ళిలో ఓర్చుకోలేక, అమ్మాయ్, ఇది పెళ్ళి భోజనం, పెద్దకర్మ కాదమ్మా అన్నారు. వరసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూములోకి వెళ్ళి కాస్త ఏడ్చాను కూడా, అది రెండు నిమిషాలే.

బయటికి వచ్చేసరికి ఒక పెద్దాయన పెరుగన్నం కలిపిన చేత్తోనే స్టేజీ దగ్గరికొచ్చి నించుని ఉన్నాడు. బందరు ఆయన, పేరు అబ్రహాము. వయసులో ఉండగా మద్రాసు హోటళ్ళలో గిటారు వాయించాడట. ఇందాకటి పాటలో ఆ స్వరాన్ని అంతసేపు కిందికి వంచి పట్టుకుంది నువ్వేనా అని అడిగాడు. నేనే, తప్పయితే క్షమించండి అన్నాను. తప్పు కాదమ్మా, బ్లూస్ అన్నాడు. అత్తా, ఈ కృష్ణాజిల్లాలో నీ తర్వాత ఆ మాట ఇంకొకరి నోటి నుంచి విన్నది అదే మొదలు. మా లాకుల అడ్రసు అడిగి చిన్న కాగితం మీద రాయించుకున్నాడు. చెయ్యి ఎంగిలి కదా, కాగితం నన్నే ఆయన జేబులో పెట్టమన్నాడు.

అది జరిగి మూడు వారాలయింది. ఉలుకూ పలుకూ లేదు. ఈస్టరు ఏప్రిల్‌లో. నాన్న బీయెడ్ ఎంట్రన్సు పుస్తకాలు కొని అట్టలు కూడా వేసి పెట్టాడని అమ్మ చెప్పింది. అబ్రహాముగారు ఆ చొక్కా ఉతుకులో వేసేముందు జేబు చూసుకున్నాడో లేదో, ప్రార్థన చెయ్యి.

నీ వినీల


బందరు.
27 ఏప్రిల్ 2000

ప్రియాతిప్రియమైన అత్తకు,

ఈసారి వందనాలు రెండు చేతులతో. ఈ ఉత్తరం నించుని చదవకు, కూర్చో.

పరీక్షలయిపోయి ఇంటికొచ్చాను. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం వెళ్ళిపోయింది. శుభశుక్రవారం కూడా వెళ్ళిపోయింది. నాన్న అట్టలు వేసిన బీయెడ్ పుస్తకాలు నా మంచం పక్క స్టూలు మీదికి వచ్చాయి. శనివారం పొద్దున అమ్మ పండక్కి పిండివంటలు మొదలెట్టింది. నేను అరిటాకులు తుడుస్తున్నాను, తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తున్నాను. మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు దిగి కాలవగట్టు మీద ఎవరో వస్తున్నారు. తెల్లచొక్కా, భుజాన నల్ల గుడ్డతో కుట్టిన పొడుగు సంచి. నాన్న లాకు మీద నుంచి చూసి, కొలత గొలుసు తెచ్చాడేంటి, సర్వే వాళ్ళేమో అన్నాడు. సంచిలో గిటారు.

అబ్రహాముగారు మంచినీళ్ళు కూడా తాగకుండా ముందు వాయించమన్నాడు. వసారాలో పీట మీద కూర్చుని గురువుగారి పాట మొదలెట్టాను. ఆయన సంచి విప్పి నా స్వరం కింద తన గిటారు కలిపాడు. నేను ఇన్నేళ్ళు ఆ పాట వాయించాను గానీ, దానికింద ఇంకొకళ్ళు నడవగా వినలేదు. నడవడం కాదు, ఆయన వేళ్ళు చకచకా పరుగెత్తుతున్నాయి. ఆ పరుగు మీద నేను నా నడకే నడిచాను, కదిలే పడవలో కూర్చున్నట్టు. నాది జాజ్, నీది బ్లూస్, రెంటికీ ఇవాళే పొత్తు కుదిరింది అన్నాడు. అమ్మ పొయ్యి మీద బూరెలు మాడిపోయేదాకా గుమ్మంలోనే ఉంది.

అప్పుడు ఆయన లేచి నాన్న దగ్గరికి వెళ్ళాడు. విశాఖపట్నంలో ఒక హోటల్లో జూన్ నుంచి మా బృందం వాయిస్తుందండీ, నేనూ, మా ఆవిడ ఇందిరాదేవి పాడుతుంది, ఇంకో ఇద్దరు. అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుంది. మౌత్ ఆర్గాన్ వాయించేవాళ్ళని మద్రాసులో చాలామందిని చూశానండీ, అందరూ తరుముతారు, ఈ పిల్ల ఒక్కతే ఆగుతుంది. మీరు పంపాలి అన్నాడు. మరి ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని నేనే అడిగేశాను. హోటలు వాళ్ళు ఖాయం చెయ్యకుండా ఆడపిల్ల తండ్రి గుమ్మం ఎలా ఎక్కమంటావు అన్నాడు.

నాన్న ముందు, మీరు మాకు చుట్టం కాదు కదా అని అడిగాడు. కాదండీ అన్నాడాయన. ఇవాళ శనివారమేగా అని అమ్మని అడిగాడు. తెలియక కాదులే అత్తా, మనసు సర్దుకోవడానికి కాస్త సమయం కావాలి కదా. ఆ తర్వాత, సరే, బూరెలు తిని వెళ్ళండి అన్నాడు. మీ అన్నయ్య భాషలో అది పంపిస్తానని.

ఇప్పుడు బందరులో అబ్రహాముగారింట్లో ఉండి ప్రాక్టీసు చేస్తున్నాను. మీ అన్నయ్య రోజు విడిచి రోజు ఏదో ఒక పని కల్పించుకుని బస్సెక్కి వచ్చి, గేటు దగ్గర నించుని విని వెళ్తున్నాడు. లోపలికి రమ్మంటే, లాకు దగ్గర ఎవరూ లేరు, పోవాలి అంటాడు. నీ పక్కగది నర్సు చిరునామా దొరికితే ఆమెకి నా కృతజ్ఞతలు చెప్పు.

ఎప్పటికీ నీ మేనకోడలు,
వినీల

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పి రాస్తున్నాను. నిన్న గురువుగారిని అబ్రహాముగారికి వినిపిద్దామని నీ క్యాసెట్టు ఆయన పెద్ద టేపులో, మంచి కరెంటులో పెట్టాను. అత్తా, గురువుగారు పరుగెత్తుతున్నారు. ఆఖరి బస్సు పోతున్నట్టు పరుగు. అది డాన్సు పాటట. స్వరాలు కూడా అన్నీ పైన, చక్కగా రంధ్రాల్లో సరిపోయేవే, ఒక్కటీ వంచక్కర్లేదు. అబ్రహాముగారు నవ్వీ నవ్వీ కళ్ళజోడు తుడుచుకుని, క్యాసెట్టు బయటికి తీసి నా చేతిలో పెట్టి, ఇది పెట్టెలో దాచెయ్యి, నువ్వు మాత్రం నువ్వు నేర్చుకున్నట్టే వాయించు అన్నాడు.

ఇవాళ మీ అన్నయ్య గేటు దగ్గరికి రాగానే నిలదీశాను. ఏముందమ్మా, కొత్త సెల్లు టార్చిలైటుకి వేస్తాం, గట్టు మీద పాములుంటాయి. లైటు మసకబారాక వాటిని గోడ మీద ఎండబెట్టి నీ టేపులో వేసేవాణ్ణి. అందరిళ్ళలో రేడియోకి చేసేదే కదా అన్నాడు. తర్వాత గేటు గడియతో ఆడుకుంటూ, నువ్వు నేర్చుకోవడం మొదలెట్టాక మాత్రం మరీ నీరసపడ్డవి ఏరి వేశానులే, టేపు మెల్లగా తిరిగి పాట సాగితే ఆ ఏడుపు వినలేక విసుగొచ్చి మానేస్తావనుకున్నా అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు.

వెళ్తూ వెళ్తూ కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. విప్పితే నాలుగు పాత సెల్లు. విశాఖపట్నంలో కరెంటు బాగుంటుందటమ్మా, జాగ్రత్త అన్నాడు.